బావ నీడ పడ్డ పలక

పైపుల బావ తన ఎండ దొంగిలించాడని మైకాయన ఫిర్యాదు.

గట్టు జరిపేవాళ్లుంటారు, గోడ జానెడు ముందుకు కట్టేవాళ్లుంటారు, చూరు పక్కవాడి వాకిట్లోకి దించేవాళ్లుంటారు. వాళ్ల మీద చెప్పుకోవడానికి పెద్దమనుషులున్నారు, కోర్టులున్నాయి. ఎదుటివాడి డాబా మీద పడే ఎండను పట్టపగలు, నిచ్చెన వేసుకుని మరీ ఎత్తుకుపోయినవాడి గురించి ఎవరికి చెప్పుకోవాలి? చెప్పినా నవ్వుతారు. నవ్వారు కూడా. మైకాయనకు లోకం మీదున్న కోపాల్లో ఆ నవ్వుది రెండో స్థానం. మొదటి స్థానం ఎప్పుడూ పైపుల బావదే.

మైకాయన సభలకూ పెళ్లిళ్లకూ మైకు సెట్లు అద్దెకిస్తాడు, పాడైన యాంప్లిఫయర్లు బాగుచేస్తాడు. చిన్నప్పుడు పంతులుగారి బల్ల మీద పలక పగలగొట్టి బడి గోడ దూకినవాడు, మళ్లీ ఆ వైపు తలతిప్పి చూడలేదు. పెళ్లి చేసుకోలేదు. "ఎందుకు చేసుకోలేదూ? మైకు సెట్టునే కట్టుకున్నాడు. అందుకే ఆ ఇంట్లో ఒకటే కేకలు" అని పైపుల బావ నలుగురిలో అనేవాడు. నలుగురూ నవ్వేవారు. ఆ నవ్వులన్నీ మైకాయన దగ్గర జమ అయ్యే ఉన్నాయి.

పైపుల బావ అంటే అక్క మొగుడు. ప్లంబరు. సన్నటి సందుకు పడమర పక్క బావ ఇల్లు, తూర్పు పక్క మైకాయన ఇల్లు. మైకాయన మైకు కర్రకు చొక్కా తొడిగినట్టు ఉంటాడు. బావ నీళ్ల ట్యాంకుకు మీసం పెట్టినట్టు ఉంటాడు.

గొడవ ప్లంబర్ల సంఘం సభలో మొదలైంది. బావ ఆ సంఘానికి అధ్యక్షుడు. రాత్రంతా కూర్చుని ఉపన్యాసం రాసుకున్నాడు. మైకు సెట్టు బామ్మర్దిది. బావ మైకు పట్టుకుని, "సోదర సోదరీమణులారా, నీరు అనేది..." అంటూ ఊపులో నాలుగడుగులు ముందుకేసి సరిగ్గా స్పీకరు పెట్టె ముందు నిలబడ్డాడు. పెట్టెలోంచి వచ్చిన గొంతు మళ్లీ మైకులో దూరింది, మైకులోది మళ్లీ పెట్టెలో దూరింది, సెట్టు కుయ్యోమని కూత పెట్టింది. ముందు వరసలో ఇద్దరు చెవులు మూసుకున్నారు, మూడోవాడు చంకలో పిల్లను జారవిడవబోయాడు.

"ఎవడిదిరా ఈ డొక్కు సెట్టు?" అన్నాడు బావ. ఆ ముక్క మాత్రం మైకులో స్పష్టంగా వినబడింది.

"పెట్టె ముందుకెళ్లొద్దని ముందే చెప్పానా లేదా? అంత పెట్టె కనబడలేదా? పొట్ట అడ్డమొచ్చిందా?" అన్నాడు మైకాయన.

"నా పొట్ట జోలికొచ్చావంటే బాగుండదు చెబుతున్నా!"

"నువ్వు కాదు, నీ నీడ కూడా నా ఇంటి మీద పడకూడదు ఇక!"

కోపంలో అందరూ అనే మాటే. ఇంకొకరైతే నాలుగు రోజులు మొహం తిప్పుకుని ఐదో రోజు ఇంట్లో అడుగు పెట్టేవాళ్లు. పైపుల బావ అలా కాదు. మాటను మాటగా తీసుకుంటాడు. నెల తిరక్కుండా తన డాబా మీద, సందు వైపు మూలన, ఇనప స్టాండు లేపి దాని నెత్తిన నల్లటి ట్యాంకు కూర్చోబెట్టాడు. భోజనాలవేళ దాటి పొద్దు పడమటికి వాలగానే ఆ ట్యాంకు నీడ సందు దాటి, మైకాయన గోడెక్కి, డాబా మీదున్న సోలారు పలక మీద పొట్ట వేసుకుని పడుకునేది. చీకటి పడేదాకా లేచేది కాదు.

ఆ పలకే మైకాయనకు ఆధారం. కరెంటాఫీసు వాళ్లతో కూడా మాటల్లేవు కనుక, పని గదిలో ఫ్యానూ సోల్డరింగ్ ఐరనూ దాని మీదే నడవాలి. బ్యాటరీ ముసలిది, పొద్దుటి పనికే ఆయాసపడుతుంది. నీడ పడిందా, ఐరన్ చల్లారిపోతుంది. సీసం కరగదు. మైకాయన చేతులు ముడుచుకుని, ఎదురుగా ఉన్న ట్యాంకు వైపు చూస్తూ, దానికి మీసాలు లేకపోయినా ఉన్నట్టే తిట్టుకుంటూ కూర్చుంటాడు.

మధ్యలో నలిగింది అక్క. "నా మొగుడి నీడ పడకూడని ఇంట్లో నా గొంతు మాత్రం ఎందుకులే" అని ఆవిడ రావడం మానేసింది. ఫోనూ మానేసింది. మైకాయన కూడా చేయలేదు. ముందు ఎవరు చేస్తే వాళ్లు ఓడినట్టని ఇద్దరికీ తెలుసు. ఒక తల్లి పిల్లలు కదా.

రెండిళ్లకూ రాకపోకలున్నది మేనకోడలికి ఒక్కదానికే. ఆమె పరిశోధన చేసే చోట ఉద్యోగం చేస్తుంది. బక్కపలచగా మామయ్య పోలిక. "నీ నీడ లెక్కలోకి రాదులే, అది మా వంశం నీడ" అని మైకాయన మినహాయింపు ఇచ్చాడు.

ఒకరోజు ఆమె వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, నీ పలక నాక్కావాలి."

"ఏ పలకే? బడిలో పగలగొట్టిందా?"

"డాబా మీదది. ఊడదీయనులే. అక్కడే ఉంటుంది. దాంతో మాటలు విందాం."

మైకాయన ఆమె నుదురు ముట్టుకుని చూశాడు.

"జ్వరం లేదు మామయ్యా. విను. మా ఇంటి వైపు ఒక ఎల్‌ఈడీ లైటు పెడతా. మైకులో మాట్లాడితే నీ స్పీకరు పెట్టె ఎలా అదురుతుందో, ఆ లైటు వెలుతురు అలా అదురుతుంది. కంటికి మామూలు లైటే. కంటికి అంత ఓపిక లేదు. నీ పలకకు ఉంది. వెలుతురు పెరిగితే కరెంటు పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ అదురును నీ యాంప్లిఫయరుకిస్తే మాట బయటికొస్తుంది. తీగ లేదు, రేడియో లేదు. అన్నం పెట్టే పలకే చెవి కూడా అవుతుంది."

మైకాయనకు విషయం నచ్చింది. నచ్చినట్టు కనబడటం ఇష్టం లేదు.

"నాకేంటి?"

"నీకేం కావాలి?"

మైకాయన కిటికీలోంచి ట్యాంకు వైపు చూశాడు. మేనకోడలు కూడా చూసింది.

"సరే. మా మేడమ్ వచ్చి చూస్తుంది. ఆవిడ ముందు నీ పలక మాటలు వింటే, నాన్న ట్యాంకు వెనక మూలకి మారుస్తాడు. ఒప్పించే పూచీ నాది."

"మీ నాన్న నోటితో అనాలి."

ఆమె వెళ్లి వచ్చింది. "అన్నాడు. 'ఆ డబ్బా సెట్టులోంచి మనిషి మాట సరిగ్గా బయటికొచ్చిన రోజున, ట్యాంకేంటి, ఇల్లే మారుస్తా' అన్నాడు."

మైకాయన ఆ సాయంత్రమే నిచ్చెనెక్కాడు.

పలక తీగలు రెండూ తెచ్చి, మధ్యలో మేనకోడలు ఇచ్చిన చిన్న డబ్బా పెట్టి, యాంప్లిఫయరుకు కలిపాడు. లైటు ఇంకా రాలేదు. ఊరికే చూద్దామని బటన్ తిప్పాడు. పెట్టెలోంచి "మ్‌మ్‌మ్‌" అని ఒకటే గొణుగుడు.

మైకు పని చేసేవాడికి ఆ చప్పుడు వినబడితే ఒకటే ఆలోచన వస్తుంది: ఎర్త్ సరిగా లేదు. మైకాయన మర్నాడు పెరట్లో ఎర్త్ గుంత తవ్వాడు. రాగి కడ్డీ గీకి, బొగ్గూ ఉప్పూ వేసి, బిందెలతో నీళ్లు పోశాడు. సాయంత్రం బటన్ తిప్పితే "మ్‌మ్‌మ్‌". తీగలన్నీ మార్చాడు. "మ్‌మ్‌మ్‌". యాంప్లిఫయరు విప్పి, ఊది, తుడిచి, బతిమాలి, చివరికి దాని నెత్తిన ఒక్కటి మొట్టాడు. దాని సమాధానం మారలేదు.

ఆ సమయంలో ఎదురింటి వరండాలో పైపుల బావ ఆవులించి, ట్యూబులైటు ఆర్పి లోపలికెళ్లాడు. గొణుగుడు టక్కున ఆగిపోయింది.

మైకాయన నిచ్చెన మీద అలాగే నిలబడిపోయాడు. బావ ఏదో మరిచిపోయి వచ్చి మళ్లీ లైటు వేశాడు. "మ్‌మ్‌మ్‌."

"కరెంటు మీద వెలిగే లైటు అదురుతూనే ఉంటుంది మామయ్యా. మనకి తెలీదంతే. నీ ఎర్త్ నిక్షేపంగా ఉంది" అంది మేనకోడలు, నవ్వు ఆపుకోలేక నిచ్చెన పట్టుకుని.

"మనిషి గొణుగుతాడు సరే. వాడి లైటు కూడా నా మీద గొణగాలా?" అన్నాడు మైకాయన, గుంత తవ్విన చేతుల బొబ్బలు చూసుకుంటూ.

ఎల్‌ఈడీ లైటు వచ్చింది. ఎక్కడ కట్టాలన్నది ప్రశ్న. పలకకు ఎదురుగా, ఎత్తుగా, ఏదీ అడ్డు రాని చోటు ఆ సందు మొత్తం మీద ఒక్కటే ఉంది. ట్యాంకు స్టాండు. మేనకోడలు ఎక్కి ఇనప కాలికి లైటు బిగించింది. మైకాయన మొహం అటు తిప్పుకున్నాడు, శత్రువు గుర్రం మీద సొంత జెండా చూసినట్టు.

పొద్దున్నే మొదటి పరీక్ష పెట్టారు. ఆమె ఆ డాబా మీద మైకు పట్టుకుని "హలో హలో" అంటోంది. ఇక్కడ పెట్టెలో చిన్న బుసబుస తప్ప ఏమీ లేదు. ఎండ మాత్రం పలక మీద ధగధగలాడుతోంది. మధ్యాహ్నందాకా చూసి మైకాయన "చెవిటి పలక!" అని తీర్పిచ్చి అన్నానికి దిగిపోయాడు.

తిని పైకి వచ్చేసరికి ఎవరో మాట్లాడుతున్నారు. డాబా మీద ఎవరూ లేరు. ట్యాంకు నీడ వచ్చి పలక మీద పడుకుని ఉంది. పెట్టెలోంచి ఆడగొంతు గలగలా వస్తోంది.

"...దీంట్లోకేనా మాట్లాడాల్సింది? ఏం మాట్లాడను? వాడితో నాకు మాటల్లేవు కదే. లైటుతో మాట్లాడుతున్నాననుకోవాలా? సరే. ఒరేయ్ లైటూ, తిన్నావా?"

అక్క. మైకాయన నిచ్చెన మెట్టు మీద ఒక కాలూ డాబా మీద ఒక కాలూ వేసి ఆగిపోయాడు.

"తినుంటాడులే. ఏం తినుంటాడు, నిన్నటిదే వేడి చేసుకుని తినుంటాడు. గిన్నె మాడ్చి ఉంటాడు. ఇక్కడిదాకా వాసనొచ్చింది."

"మాడలేదు!" అన్నాడు మైకాయన.

"మాడలేదంటాడు, నాకు తెలుసు" అంది అక్క.

మైకాయన నోరు మూసుకున్నాడు. అప్పుడు తట్టింది ఆయనకు ఈ ఏర్పాటులో ఉన్న అసలు మోసం. లైటు అక్కడ, పలక ఇక్కడ. అక్క మాట వస్తుంది, తన మాట పోదు. నలుగురి నోళ్లకు మైకు పట్టి బతికినవాడు, ఒక్కరికి కూడా ఎదురు సమాధానం బాకీ ఉంచనివాడు, ఇప్పుడు తిరగేసిన బకెట్టు మీద కూర్చుని ఊరికే వినాలి. విన్నాడు. చొక్కా గుండీల గురించి విన్నాడు, దగ్గు మందు గురించి విన్నాడు, తనకు బామ్మ చెవి తమ్మెలు వచ్చి బామ్మ బుద్ధి మాత్రం రాకపోవడం గురించి విన్నాడు. మధ్యమధ్యలో పెట్టెలో "ధబ్" మని పెద్ద చప్పుడు. ఎవరో లైటుకు అడ్డంగా వెళ్లినప్పుడల్లా వెలుతురు తెగి వచ్చే చప్పుడు. మేనకోడలు అడ్డు వస్తే "టప్" అంటుంది. ఇది "ధబ్" అంటోంది. అంత వెడల్పు చప్పుడు ఆ వీధిలో ఒక్కరిదే.

'వింటున్నానో లేదోనని తిరుగుతున్నాడు' అనుకున్నాడు మైకాయన.

సాయంత్రం మేనకోడలు కాగితాల మీద ఏవో గీసుకుని, తల గోక్కుంటూ వచ్చింది.

"పొద్దున ఎందుకు వినబడలేదో తెలిసింది మామయ్యా. నిండు కుండ తొణకదు."

"సామెతలకి జీతం ఇస్తున్నారా మీకు?"

"నిజంగా అదే. నీ బ్యాటరీ ముసలిది, కాస్త ఎండకే నిండిపోయి ఇంక తీసుకోదు. తీసుకునేవాడు లేక పలక నిండిపోతుంది. నిండాక నా లైటు ఎంత అదిరినా దానికి పట్టదు. పైగా సూర్యుడి ముందు నా లైటెంత? నీడలో ఉంటే కుండ వెలితిగా ఉంటుంది, చుక్క పడినా తొణుకుతుంది. ఇంకా మంచి డబ్బా చేస్తే ఎండలోనూ వినొచ్చు, కానీ అది చేయడానికే మేడమ్ డబ్బివ్వాలి, ఇవ్వాలంటే ముందు ఇది వినాలి."

మైకాయన మెల్లగా లెక్క వేసుకున్నాడు.

"అంటే ట్యాంకు నీడ ఉంటేనే పలక వింటుంది. పలక వింటేనే ట్యాంకు పోతుంది."

"అవును."

"ట్యాంకు పోతే?"

"మళ్లీ చెవుడు."

"మీ నాన్న పెట్టే ముళ్లన్నీ ఇంతే. విప్పబోతే బిగుస్తాయి."

"మేడమ్ మధ్యాహ్నం వస్తే చాలు, మనం గెలిచినట్టే. తర్వాత సంగతి తర్వాత."

అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం పరీక్షలు. మైకాయన పొద్దున తిట్టుకుంటూ పని చేసుకునేవాడు, మధ్యాహ్నం తిట్టుకుంటూ పైకెక్కేవాడు. నీడ గోడ దగ్గరికి రాగానే బకెట్టు తిరగేసేవాడు. ఒకరోజు మబ్బు పట్టి నీడ సరిగ్గా పడకపోతే, అందరికంటే ముందు ఆకాశాన్ని తిట్టింది ఆయనే. మబ్బులోనూ పలక చక్కగా వింటుందని మేనకోడలు చెప్పేదాకా తిట్లు ఆపలేదు.

మేడమ్ మధ్యాహ్నం రాలేదు. పొద్దున్నే వచ్చింది.

"సాయంత్రం నేను వేరే ఊళ్లో ఉండాలి. ఇప్పుడే చూద్దాం" అంది, కళ్లజోడు సర్దుకుంటూ డాబా ఎక్కి. ఎండ అప్పటికే పలక మీద నిండుగా కూర్చుని ఉంది. మేనకోడలి మొహం సున్నం కొట్టినట్టయింది. ఆమె మామయ్య వైపు చూసింది. 'ట్యాంకు' అన్నాయి ఆమె కళ్లు. 'ఎండ' అన్నాయి మైకాయన కళ్లు.

మైకాయన దుప్పటి పట్టుకొచ్చి పలకకు తూర్పున పరదాలా పట్టాడు. గాలికి అది కొట్టుకుంటుంటే నీడ కొట్టుకుంది, పెట్టె "ఫటఫట ఫటఫట" అంది. మేడమ్ "ఇదేంటి, కోళ్లఫారమా?" అని అడిగింది. గొడుగు తెచ్చాడు. గొడుగు నీడ పలకలో సగానికే సరిపోయింది. పలకలో బిళ్లలన్నీ ఒకదాని వెనక ఒకటి కట్టినవి, సగం ఎండా సగం నీడా అయితే కుదరదని మేనకోడలు చెవిలో గొణిగింది. స్పీకరు పెట్టెలు అడ్డం పెడదామంటే, మోగుతున్న ఈ ఒక్కటి తప్ప అన్నీ ఎవరిదో సభకి వెళ్లి ఉన్నాయి. ఆఖరికి తనే ఎండకు అడ్డంగా నిలబడ్డాడు. ఆయన నీడ పలక మధ్యలో నిలువుగా ఒక గీతలా పడింది, లెక్కల పుస్తకంలో మార్జిను గీసినట్టు.

"ఇంకొంచెం వెడల్పు ఉంటే బాగుండేది" అంది మేడమ్, మర్యాదగానే.

వెడల్పు. మైకాయన సందు అవతల చూశాడు. ఎదురు డాబా మీద, ట్యాంకు పక్కన, ఇంచుమించు ట్యాంకు అంతే ఉండి పైపుల బావ నిలబడి ఉన్నాడు. రెంచి చేతిలో ఉంది కానీ చేసే పనేం లేదు. చూడటానికి వచ్చాడు.

మైకాయన గొంతు సవరించుకున్నాడు. ఎన్ని వేల సభల్లో ఎంతమంది గొంతులు సవరించుకోవడం విన్నాడో, తన గొంతు ఇంత మొరాయిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"బావా!"

సందులో పోతున్న ఇద్దరు ఆగి తలలెత్తారు.

"ఏంటి?" అన్నాడు బావ.

"ఒకసారి ఇటురా."

"ఎందుకు?"

"నీ... నీ నీడ కావాలి."

"వినబడలేదు. గట్టిగా చెప్పు. మైకు సెట్టాయనవి కదా!"

"నీ నీడ పడాలి బావా, నా ఇంటి మీద! చాలా? నిచ్చెన ఇటే ఉంది, తగలడు!"

పైపుల బావ తొందరపడలేదు. రెంచి కింద పెట్టాడు. తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. సందు దాటి, గడప ముందు ఒక్క క్షణం నిలబడి, తన నీడ ముందు లోపలికి వెళ్లనిచ్చి, తర్వాత తను వెళ్లాడు. నిచ్చెన మూలిగింది. డాబా మీదికొచ్చి, "ఎక్కడ పడాలి?" అని అడిగాడు, కొళాయి ఎక్కడ బిగించమంటారు అన్నంత మామూలుగా.

పలకకు తూర్పున నిలబెట్టారు. తుండు రెండు చేతులతో చాపించారు. నీడ వెళ్లి పలకను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా కప్పేసింది. కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.

"కదలకూడదు నాన్నా. నువ్వు కదిలితే నీడ కదులుతుంది, చప్పుడొస్తుంది."

"ఊపిరి?"

"చిన్నచిన్నగా."

పెట్టెలోంచి బుసబుస పోయింది. చల్లటి నిశ్శబ్దం. తర్వాత అక్క గొంతు, పక్కనే కూర్చుని మాట్లాడినట్టు. అవతల ఆమె చేతికి మేనకోడలు ఒక కాగితం ఇచ్చి వచ్చింది, అందులో ఉన్న వాక్యాలే చదవాలని మరీ మరీ చెప్పి.

"ఒకటో వాక్యం. ఆవు పచ్చిక మేస్తోంది. రెండో వాక్యం. వర్షం పడేలా ఉంది. మూడో..." అక్క ఆగింది. "అమ్మా, ఇవేం వాక్యాలే, ఆవుకి లేని పంచాయితీ. అక్కడ ఇద్దరూ కనబడుతున్నారు నాకు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఎంతకాలమైంది! ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతా? మేడమ్‌గారూ, మీరేం అనుకోకండి, స్పష్టంగా వస్తోందో లేదో రాసుకుంటూ ఉండండి."

మేడమ్ నిజంగానే రాసుకుంటోంది.

"తమ్ముడూ, మీ బావ నీడ నీ ఇంటి మీద పడింది. ఏం, ఇల్లు కూలిందా? నాకు ఇక్కణ్ణుంచి బాగానే కనబడుతోంది, కూలలేదు. ఏమండీ, మీకు చెబుతున్నా. మీ ఉపన్యాసం సగంలో ఆగిపోయిందని ఇంతకాలం మూతి ముడుచుకున్నారు. ఆ ఉపన్యాసం నాకు వినిపించే కదా వెళ్లారు. ఆ మైకు కూత పెట్టి మంచి పనే చేసింది."

పైపుల బావ నోరు తెరిచాడు. "కదలకు నాన్నా!" అంది మేనకోడలు. నోరు మూశాడు. చెమట ముక్కు మీదుగా కారుతోంది, తుడుచుకోవడానికి లేదు. పక్కనున్న మైకాయనకు నవ్వు ముంచుకొచ్చింది. తను నవ్వితే బావ కదులుతాడని పళ్లు బిగించాడు.

"ఇంక ట్యాంకు. అది అక్కణ్ణుంచి కదలదు. వెనక మూలకి మారిస్తే నా వంటింట్లో కొళాయి సన్నగా వస్తుంది, గిన్నెలు ఎవరు తోముతారు? ట్యాంకు అక్కడే, లైటు అక్కడే. రోజూ మధ్యాహ్నం నేను మాట్లాడతా, తమ్ముడు వింటాడు. పని లేని వేళే కదా వాడికి. ఏం తమ్ముడూ, ఒప్పుకున్నట్టేనా?"

"లేదు! అదేం లెక్క!" అని అరిచాడు మైకాయన పలక వైపు వంగి. "పలక వింటే ట్యాంకు తీస్తామన్నారు! నేనొప్పుకోను!"

పలక అంతా విన్నట్టే మెరిసింది. ఒక్క ముక్క కూడా అవతలికి పంపలేదు.

"ఏమీ అనట్లేదు" అంది అక్క తృప్తిగా. "మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం రేపు అడుగుతా. నాలుగో వాక్యం. సూర్యుడు తూర్పున ఉదయించును."

మేడమ్ కలం మూతపెట్టింది. "ప్రతి అక్షరం వినబడింది" అంది. "కొత్త డబ్బాకి డబ్బు ఇప్పిస్తా. కానీ ఏడాది పాటు ఇదే పలక మీద, ఇదే నీడలో కొలతలు తీయాలి. నీడ రోజూ ఒకే వేళకి వస్తుందన్నారు కదా, అది చాలా అరుదైన వసతి."

అరుదైన వసతిని మైకాయన ఎగాదిగా చూశాడు. అది తుండు దించి మొహం తుడుచుకుంటోంది.

మేడమ్ వెళ్లిపోయింది. పైపుల బావ ఇంటికెళ్లి, పది నిమిషాల్లో రెంచి తీసుకుని తన డాబా ఎక్కాడు. స్టాండు బోల్టు దగ్గర కూర్చుని ఇటు కేకేశాడు.

"బామ్మర్దీ! నేను మాటన్నానంటే అన్నట్టే. పలక విన్నది. మీ అక్కకి నేను చెప్పుకుంటా. విప్పేయనా?"

ఇది మైకాయన ఊహించలేదు. ఆయన దగ్గర బావ దుర్మార్గానికి సమాధానాలున్నాయి, బావ నిజాయితీకి ఒక్కటి కూడా లేదు.

"ముందు ఒకటి చెప్పు బావా. కావాలనే పెట్టావా అక్కడ?"

బావ బోల్టు మీద రెంచి ఆనించి ఆలోచించాడు.

"కావాలనే పెట్టా. కానీ దూలం కూడా అక్కడే ఉందిరా. వేరే చోట పెడితే బరువుకి కప్పు ఆగదు."

మైకాయన పలక వైపు చూశాడు. పూర్తి ఎండ. వెచ్చటి ఐరను, కరిగే సీసం, తిరిగే ఫ్యాను, సాయంత్రం దాకా పని. ఇంతకాలం కోరుకున్నది అంతా ఒక బోల్టు దూరంలో ఉంది. "విప్పు" అంటే చాలు. అవతల వంటింటి కిటికీలో అక్క నిలబడి ఉంది, గిన్నె తోముతున్నట్టు. కొళాయి మాత్రం కట్టేసి ఉంది.

"ఆ రెంచి అవతల పారెయ్యి" అన్నాడు మైకాయన. "కొలతలు పాడైతే నీ కూతురు ఏడుస్తుంది. దాని కోసం చెబుతున్నా. నీ కోసమని ఎవరికైనా చెప్పావో..."

"చెప్పను, చెప్పను. అయితే ఓ మాట. రేపు నాకు ఒక పూట ఇయ్యి. నా ఉపన్యాసం ఇంకా నాలుగు కాగితాలుంది."

"గుడ్డ కప్పేస్తా పలక మీద!"

"కప్పుకో. నువ్వు కప్పిందీ లేనిదీ నాకెలాగూ తెలీదు" అని బావ దిగిపోయాడు.

మధ్యాహ్నమైంది. నీడ సందు దాటింది, గోడెక్కింది. మైకాయన ఐరన్ తీగ పీకేసి, పైకెక్కి, బకెట్టు తిరగేసి కూర్చున్నాడు. ఇప్పటికీ ఎవరైనా కదిపితే చాలు, బావ తనను ఎలా ముంచాడో మొదట్నుంచీ చెబుతాడు. వినేవాడు నవ్వితే వేలు చూపించి లెక్క చెబుతాడు: రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు, మొత్తం ఎనిమిది చదరపు అడుగుల ఎండ, రోజూ భోజనాలయ్యాక పొద్దుగుంకేదాకా.